బానెట్ ఎత్తరాదు

కారు ఆగి ఉన్నప్పుడు కూడా ఇంజన్ గుర్రుగుర్రుమని తిరుగుతోందంటే, ఆ కారు యజమాని అదృష్టవంతుడు. ఈ మాట పూర్తి స్పృహలో ఉండే రాస్తున్నాను. అలాంటి కారు మీకుంటే దయచేసి మెకానిక్ షెడ్డు వైపు కన్నెత్తి చూడకండి. బానెట్ ఎత్తకండి. ధైర్యం చాలకపోతే బానెట్ తెరిచే మీటని ఊడబెరికి అవతల పారేయండి!

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. కారు స్టార్ట్ చేసి, గేరు వేయకుండా, యాక్సిలరేటర్ మీద కాలు పెట్టకుండా వదిలేస్తే ఇంజన్ తన మానాన తాను మెల్లగా తిరుగుతూ ఉంటుంది. దాన్నే ఐడిలింగ్ అంటారు. స్టీరింగ్ వెనకాల ఆర్.పి.ఎమ్. చూపించే ముల్లు అప్పుడు ఒకటి అంకెకి కాస్త కింద నిలబడాలట. కొన్ని కార్లలో అది రెండు దగ్గరకి వెళ్ళి నిలబడుతుంది. మెకానిక్కులు దాన్ని జబ్బు అంటారు. అనక ఏం చేస్తారు, వాళ్ళ పొట్ట గడవాలిగా.

జబ్బా అది? ఒక్కసారి ఆలోచించండి. క్లచ్ వదిలితే చాలు, కారు దానంతటదే బయలుదేరుతుంది. కుడికాలికి జీవితంలో మొదటిసారి విశ్రాంతి! మీరు వీధి మలుపు తిరగకముందే ఇంట్లో అందరికీ తెలిసిపోతుంది. టీవీ కట్టేసి పుస్తకం తెరవడానికి పిల్లలకి వ్యవధి దొరుకుతుంది. ఇక సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు పక్క సీట్లోవాళ్ళు ఏమని సాధిస్తున్నారో ఒక్క ముక్క వినిపించదు. ఆ మోత వల్ల ఎన్ని కాపురాలు నిలబడ్డాయో ఎవరైనా సర్వే చేశారా? పెట్రోలు ఎక్కువ తాగుతుందంటారు. తాగనివ్వండి. అంత కష్టపడే ప్రాణికి ఆ మాత్రం ఆకలుండదా?

ఇంకా నమ్మకం కుదరలేదా? అయితే క్లచ్ మాస్టారి సంగతి వినండి.

క్లచ్ మాస్టారంటే మా ఊళ్ళో డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పే ఆయన. ఇరవై రెండేళ్ళుగా పక్క సీట్లో కూర్చుని "క్లచ్... మెల్లగా... క్లచ్" అంటూ ఉండటంతో అసలు పేరు అందరూ మర్చిపోయారు. ఆ స్కూలు టైర్ల కొట్టు పైన రెండు గదుల్లో ఉంటుంది. ఉన్నది ఒకటే కారు. యజమాని ఆయన బావగారు, అంటే భార్యకి అన్నయ్య. ఉద్యోగమూ బంధుత్వమూ ఒకే మనిషి చేతిలో ఉంటే ఆ సుఖం ఎలాంటిదో అనుభవించినవాళ్ళకి చెప్పక్కర్లేదు.

మాస్టారిలో ఒక పెద్ద లోపం ఉంది. ఆయన నిజంగానే నేర్పేవాడు. క్లచ్ మీద నుంచి కాలు గోరంత గోరంత పైకి తీస్తూ పోతే ఒకచోట బానెట్ సన్నగా వణుకుతుందనీ, దాన్నే హాఫ్ క్లచ్ అంటారనీ, ఆ వణుకు తనకి కాదు, నేర్చుకునేవాళ్ళ అరికాలికి తెలియాలనీ చెప్పేవాడు. అది తెలియడానికి కొందరికి వారం పట్టేది, కొందరికి రెండు నెలలు. తెలిసేదాకా ఆయన వదిలేవాడు కాదు. ఇలాంటివాళ్ళు ఏ సంస్థకైనా బరువే.

లైసెన్సు పరీక్ష పెట్టే మైదానంలో ఒక సిమెంటు ర్యాంపు ఉంది. దాన్ని సగం ఎక్కి, ఆగి, వెనక్కి జారకుండా మళ్ళీ ఎక్కాలి. అందరి బండారమూ అక్కడే బయటపడేది. ఇంజన్ ఠక్కున ఆగిపోవడమో, కారు వెనక్కి జారిపోవడమో జరిగేది. ఎనిమిదిమంది వెళ్తే ముగ్గురు పాసవడమే గొప్ప. అది బావగారికి తీరని దిగులు. నేర్పడం మానేసి పాస్ చేయించడం ఎప్పుడు నేర్చుకుంటావని మాస్టారిని రోజుకోసారి నిలదీసేవాడు.

ఇలా ఉండగా ఒక సోమవారం పొద్దున్న కారు స్టార్ట్ చేస్తే ఇంజన్ ఒక్కసారిగా రయ్యిమంది. ముల్లు వెళ్ళి రెండు దగ్గర కూర్చుంది, దిగనంటే దిగనంది.

మాస్టారు పాతకాలం మనిషి కాబట్టి కారణం వెతకడం మొదలుపెట్టాడు. కాళ్ళకింది మ్యాట్ జరిగి యాక్సిలరేటర్‌ని నొక్కుతోందేమోనని దాన్ని తీసేశాడు. తేడా లేదు. యాక్సిలరేటర్ కేబుల్ బిగుసుకుందేమోనని లాగి చూశాడు. వదులుగానే ఉంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు కాసేపు అలా తిరగడం మామూలే కదా అని ఊరంతా ఒక చుట్టు తిప్పుకొచ్చాడు. వేడెక్కింది గానీ తగ్గలేదు. ఏసీ కట్టేసి చూశాడు. అదీ కాదు. చివరికి బానెట్ ఎత్తి చెవి పెట్టి వింటే, ఎక్కడో మూలనుంచి సుయ్యిమని సన్నగా ఈల వినిపించింది.

కింద టైర్ల కొట్టులో పంక్చర్లు వెతికే సబ్బునీళ్ళు ఉంటాయి. మాస్టారు ఆ మగ్గు తెచ్చి ఒక్కొక్క రబ్బరు గొట్టం మీదా కొంచెం కొంచెంగా పోశాడు. వంపు తిరిగిన ఒక గొట్టం దగ్గర సబ్బునీళ్ళు చటుక్కున లోపలికి పీల్చుకుపోయాయి. ఇంజన్ ఒక్క క్షణం తగ్గి, మళ్ళీ రయ్యిమంది. చూస్తే ఆ గొట్టం అడుగున బియ్యపుగింజంత చీలిక! ఇంజన్‌లోకి గాలి లెక్కప్రకారం వెళ్ళడానికి ఒక దారుంది. ఇక్కడ అది దొడ్డిదారిన కూడా దూరుతోంది. అందుకే ఆ ఊపు. కొత్త గొట్టం తెచ్చి బిగిస్తే పది నిమిషాల పని అని మాస్టారు పైకి వెళ్ళి చెప్పాడు. బావగారు ఫోన్లో ఉన్నాడు. బుధవారం పరీక్ష అయ్యాక చూద్దాం పొమ్మని చేత్తోనే సైగ చేశాడు.

బుధవారం ఎనిమిదిమంది వెళ్ళారు. ఎనిమిదిమందీ పాసయ్యారు! వాళ్ళలో ఒక దర్జీ అంతకుముందు అయిదుసార్లు తప్పినవాడు. బ్యాంకులో గుమస్తాగా ఉన్న ఒకావిడకి ర్యాంపు దగ్గరకి రాగానే కళ్ళు గట్టిగా మూసుకోవడం అలవాటు. ఆ రోజూ మూసుకుంది. తెరిచి చూసేసరికి కారు పైన ఉంది. ఇన్‌స్పెక్టరు తన అట్టమీది కాగితాన్ని రెండుసార్లు చూసుకుని, ఈసారి తర్ఫీదు బ్రహ్మాండంగా ఉందని మాస్టారి భుజం తట్టాడు.

ఏం జరిగిందో మాస్టారికి అక్కడే అర్థమైపోయింది. ఇంజన్ అంత జోరుమీద ఉంటే క్లచ్ ఎలా వదిలినా కారు ఆగదు, వెనక్కి జారదు. అరికాలికి ఏమీ తెలియనక్కర్లేదు. ఈ సంగతి తిన్నగా వెళ్ళి బావగారికి చెప్పాడు. చెప్పడమే పొరపాటయింది. బావగారు కుర్చీలోంచి లేచి, కిటికీ దగ్గరకెళ్ళి, కిందనున్న కారుని చాలాసేపు ప్రేమగా చూశాడు. సొంత పిల్లల్ని కూడా ఆయన అలా చూడగా ఎవరూ ఎరగరు.

మర్నాడు బానెట్ మీద ఒక కాగితం వెలిసింది. "బానెట్ ఎత్తరాదు. ఇట్లు, యాజమాన్యం." మెట్ల దగ్గర పెద్ద బోర్డు వెలిసింది. "మొదటిసారే పాస్!"

ఇక చూస్కోండి. మెట్ల మీద జనం కింద టైర్ల కొట్టు దాకా వచ్చారు. నెల కోర్సు పదిరోజులైంది, పదిరోజులది మూడురోజులైంది. నేర్పడానికి ఏముంది గనక? స్టీరింగ్ తిప్పడం, హారన్ కొట్టడం. హారన్ చాలామందికి ముందే వచ్చు. పోటీ స్కూళ్ళవాళ్ళు రహస్యం కనుక్కుని తమ కార్లనీ అలాగే తిప్పించుకున్నారు. పక్కసందులో మెకానిక్ "ఇచట ఐడిలింగ్ పెంచబడును" అని అట్టముక్క వేలాడదీశాడు. పదిహేనేళ్ళు తగ్గించి బతికినవాడు, పెంచడంలో ఉన్న సుఖం అప్పుడే తెలిసిందన్నాడు.

పాసైనవాళ్ళు ఊరుకుంటారా, సొంత కార్లు కొనుక్కున్నారు. పాపం, షోరూముల్లో ఇచ్చే కార్లలో ముల్లు ఒకటి కిందే ఉంటుంది. ప్రతి సిగ్నల్ దగ్గరా ఇంజన్ ఆగిపోయేది. తమకి నడపడం రాదేమోనన్న అనుమానం ఒక్కరికి కూడా రాలేదు. ఎలా వస్తుంది? జేబులో లైసెన్సు ఉంది! కారే తేడాది అంటూ షోరూము మీద విరుచుకుపడి, అక్కణ్ణుంచి తిన్నగా అట్టముక్క మెకానిక్ దగ్గరకి వెళ్ళేవాళ్ళు. మూడు నెలలు తిరిగేసరికి మా కూడలిలో ఎర్రలైటు పడితే నలభై కార్లు నిలబడి హోరెత్తిపోయేవి. కానిస్టేబుల్ చెవుల్లో దూది పెట్టుకుని డ్యూటీకి వచ్చేవాడు. ఊరు ఆగి ఉన్నా పరుగులు పెడుతున్నట్టే ఉండేది. అభివృద్ధి అంటే ఇంకెలా ఉంటుందండీ?

ఈ శుభం చివరికి మాస్టారి ఇంటి గుమ్మం కూడా తొక్కింది.

మాస్టారి భార్య ఒక క్లినిక్‌లో నర్సు. మంచాన పడ్డ రోగుల ఇళ్ళకే వెళ్ళి చూడటానికి, అవసరమైతే వాళ్ళని తీసుకురావడానికి ఆ క్లినిక్ ఒక చిన్న వ్యాను కొంది. నెలాఖరులోగా లైసెన్సు తెచ్చుకున్న నర్సుకి ఆ పని ఇస్తామన్నారు. ఆవిడకి ఆ పని కావాలి. ప్రాణం పెట్టి కావాలి. వీపంతా పుండైపోయిన ఒక పెద్దాయనకి కట్టు మార్చడానికి, డ్యూటీ దిగాక రెండు బస్సులు మారి, ఎవరూ చెప్పకుండానే వెళ్ళొస్తున్న మనిషి ఆవిడ. వ్యాను ఉంటే అలాంటివాళ్ళని రోజుకి పదిమందిని చూడొచ్చునని ఆవిడ ఆశ.

అయితే ఆవిడ నాలుగుసార్లు ర్యాంపు మీదే తప్పింది. ఊరందరికీ ఓపిగ్గా నేర్పిన మొగుడు, పెళ్ళాం ఇంజన్ ఆపేస్తే మాత్రం "అబ్బా" అనేవాడు. అంతే, ఇంకో మాట లేదు. ఆ ఒక్క ముక్కకే ఆవిడ కాలు బిగుసుకుపోయేది. నాలుగోసారి మైదానం నుంచి ఒక్కతే ఇంటికి నడిచి వచ్చేసింది. రెండేళ్ళయింది, మళ్ళీ ఆ సీట్లో కూర్చోలేదు.

ఇప్పుడు ఆవిడ మొగుణ్ణి అడగలేదు. తిన్నగా అన్నయ్యని అడిగింది. అన్నయ్య, అదెంత భాగ్యం అని పేరు రాసుకున్నాడు. కారులో ఉన్న కిటుకు ఆవిడకి ఎవరూ చెప్పలేదు. మాస్టారు చెబుదామనుకున్నాడు. సోమవారం చెబుదామనుకున్నాడు. మంగళవారం, ఆవిడ మొహంలో వెలుగు చూసి, రేపు పొద్దున్న చెబుదామనుకున్నాడు. బుధవారం ఆవిడ పాసయింది.

ఆ రోజు ఆవిడ కాళ్ళు నేలమీద ఆనలేదు. ర్యాంపు ఎలా ఎక్కిందో పక్కింటావిడకి చెప్పింది, ఫోన్లో తల్లికి చెప్పింది, ఆ పూట అక్కడే ఉన్న మొగుడికి కూడా మొదటినుంచీ చెప్పింది. భోజనాల దగ్గర హాఫ్ క్లచ్ అంటే ఏమిటో ఆయనకే వివరించింది. మాస్టారు తలొంచుకుని తిన్నాడు. ఇరవై రెండేళ్ళలో ఎప్పుడూ పడనంత సిగ్గు పడ్డాడు.

శనివారం వ్యాను మొదటిసారి బయటికి తీశారు. మొదటిరోజు తోడుండమని డాక్టరుగారు అడగడంతో మాస్టారు పక్కన కూర్చున్నాడు. కొత్త వ్యాను. ఇంజన్ ఉందో లేదో తెలియనంత నెమ్మది. ముల్లు ఒకటి కింద బుద్ధిగా నిలబడింది. అది చూడగానే ఆయన సీటు బెల్టు ఇంకాస్త బిగించుకున్నాడు.

ఫ్లైఓవర్ సగం ఎక్కేసరికి ముందు బళ్ళు ఆగాయి. ఆవిడా ఆపింది. మళ్ళీ కదిలినప్పుడు, పరీక్షలో వదిలినట్టే ధీమాగా క్లచ్ వదిలింది. ఇంజన్ ఆగిపోయింది. మళ్ళీ స్టార్ట్ చేసింది. మళ్ళీ ఆగిపోయింది. వెనకనుంచి హారన్లు మొదలయ్యాయి. మూడోసారి ఆవిడ కంగారులో బ్రేకు మీదనుంచి కాలు తీసింది, వ్యాను వెనక్కి జారింది. మాస్టారు హ్యాండ్ బ్రేక్ లాగేలోపే వెనక కారుకి ధడేలున తగిలింది. వెనకాల కట్టు సామాను ట్రే మొత్తం కింద పడింది.

ఆ కారులోంచి మనిషి ఒంటికాలి మీద లేచి వచ్చాడు. తీరా చూస్తే దర్జీ! మాస్టారిని చూడగానే కోపం మర్చిపోయి దణ్ణం పెట్టాడు. తన కొత్త కారూ అప్పటికే ఆగిపోయి ఉందనీ, లేకపోతే వెనక్కి తప్పుకునేవాణ్ణనీ, ఈ కంపెనీలవాళ్ళు ఇంత నాసిరకం బళ్ళు అమ్ముతుంటే అడిగేవాడు లేడనీ కష్టం చెప్పుకున్నాడు.

ఆవిడ అటు చూడలేదు. రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉన్నాయి.

"నిజం చెప్పండి. ఆ రోజు ర్యాంపు ఎక్కింది నేనా, కారా?"

"కారు," అన్నాడు మాస్టారు.

"మీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"వెనకాల రోగి ఉండి ఉంటే?"

ఆవిడ తాళంచెవి తీసి ఆయన చేతిలో పెట్టి, వెనక్కెళ్ళి, కింద పడ్డ సామాను ఏరుకుంటూ కూర్చుంది. ఆ వీపు పుండు పెద్దాయన ఇంటికి మాస్టారే నడిపాడు. ఆవిడ ఎప్పటిలాగే నవ్వుతూ కట్టు మార్చింది. క్లినిక్‌కి తిరిగొచ్చి, పదిహేను రోజులు గడువు కావాలని డాక్టరుగారిని అడిగింది. ఉన్న లైసెన్సుకి గడువెందుకో ఆయనకి అర్థం కాలేదు గానీ, ఇచ్చాడు.

మర్నాడు తెల్లవారుతూనే మాస్టారు తప్పుడు పని చేశాడు. బానెట్ మీది కాగితం చింపి, బానెట్ ఎత్తి, చీలిన గొట్టం పీకేసి కొత్తది బిగించాడు. ముల్లు జారి ఒకటి కిందకి వచ్చి, కోపం తగ్గిన మనిషిలా నిలబడింది. పది నిమిషాలు పట్టింది. తర్వాత ఇంటికెళ్ళి, తనని క్షమించమనీ, మళ్ళీ మొదటినుంచి నేర్పుతాననీ భార్యని అడిగాడు.

ఆవిడ ఒకే ఒక్క షరతు పెట్టింది. ఆయన నోరు తెరవకూడదు. ఆ విధంగా క్లచ్ మాస్టారు తన జీవితంలో మొదటిసారి క్లచ్ అనకుండా పాఠం చెప్పాడు. రోజూ పొద్దున్న ఆరింటికి మైదానంలో ర్యాంపు మీద మొగుడూ పెళ్ళాం! మొదటిరోజు ఇంజన్ ఇరవై ఆరుసార్లు ఆగింది. మాస్టారు నాలుక కరుచుకుని కూర్చున్నాడు. ఆరోరోజుకి తొమ్మిదిసార్లకి వచ్చింది. తొమ్మిదోరోజు, ర్యాంపు మధ్యలో, ఆవిడ కాలు గోరంత పైకి తీసి ఆగింది. బ్రేకు మీదనుంచి కాలు తీసేసింది. కారు ముందుకీ పోలేదు, వెనక్కీ పోలేదు.

"వణుకుతోందండీ," అంది ఆవిడ నెమ్మదిగా.

మాస్టారికి కళ్ళనీళ్ళు తిరిగాయి. నోరు తెరవకూడదు కాబట్టి తల ఊపాడు. ఇక పైకి పోనివ్వవచ్చు. కానీ ఆవిడ పోనివ్వలేదు. ఆ వణుకుని అలాగే పాదం కింద పట్టుకుని కాసేపు ఉండిపోయింది.

ఇంత మంచి జరిగిందని మీరు సంబరపడకండి. మధ్యలో ఒక బుధవారం సెలవొచ్చి పరీక్ష జరగలేదు గానీ, అసలు ఉపద్రవం ఆ తర్వాతి బుధవారం వచ్చింది. మూడురోజుల కోర్సు చేసిన ఎనిమిదిమంది పరీక్షకి వెళ్ళారు. ఎనిమిదిమందీ తప్పారు. మెట్ల మీద గొడవ మొదలైంది. బాగున్న కారుని ఎవరో చెడగొట్టారనీ, ఇంజన్‌లో సత్తువ పోయిందనీ అరుపులు.

"కారుని ఏం చేశావు బావా?" అన్నాడు బావగారు.

"బాగుచేశాను."

"ఎవరు చేయమన్నారు?"

మాస్టారి ఉద్యోగం ఆ పూటతో పోయింది. బావగారు కారుని అట్టముక్క మెకానిక్ దగ్గరకి తోలాడు. మెకానిక్ గంటసేపు తిరగేసి మరగేసి చూసినా ఒక్క లోపం కూడా కనబడలేదు. కానీ లోపం రాయకుండా పని మొదలుపెట్టకూడదని షెడ్డులో పద్ధతి. కాసేపు తల గోక్కుని, పుస్తకంలో ఇలా రాశాడు. "కంప్లయింట్: ఇంజన్ సక్రమంగా తిరుగుచున్నది. సరిచేయవలెను." సాయంత్రానికి సరిచేసి ఇచ్చాడు.

చూశారా పాఠకులారా, ఒక్క రబ్బరు గొట్టం మారిస్తే ఎంత అనర్థమో! ఒక ఉద్యోగం పోయింది. అన్నాచెల్లెళ్ళకి మాటల్లేవు. ఎనిమిదిమంది యోగ్యులకి లైసెన్సులు ఆలస్యమయ్యాయి. బాగుచేసినందువల్ల లాభపడింది మంచాన పడ్డ పదిమంది రోగులు, వాళ్ళకెలాగూ కార్లు లేవు. కాబట్టి ఐడిలింగ్ పెంచుకోండి. కార్లకే కాదు, బడులకి, కాలేజీలకి, ఆఫీసులకి కూడా వీలైనంత పెంచండి. ఎవరి అరికాలికీ ఏమీ తెలియనక్కర్లేకుండా అందరూ ర్యాంపు ఎక్కేస్తారు.

ఇంత పెద్ద వ్యాసం రాయడానికి ఇతనికి తీరిక ఎక్కడిదని మీకు అనుమానం రావచ్చు. దాచడమెందుకు, ఫ్లైఓవర్ మీద కూర్చునే రాస్తున్నాను. నా కొత్త కారు సగం ఎక్కి ఆగిపోయి ముప్పావుగంట అయింది. వెనకాల హారన్లు కొట్టీ కొట్టీ జనం అలిసిపోయారు. ఇందాక క్లినిక్ వ్యాను నా పక్కనే వచ్చి ఆగింది. తర్వాత అంగుళం కూడా వెనక్కి జారకుండా కదిలి పైకి వెళ్ళిపోయింది. అద్దం దించి ఆవిడని ఒక మాట అడుగుదామనుకున్నాను గానీ, అందరి ముందూ నోరు పెగల్లేదు.

అందుకని ఇక్కడ అడుగుతున్నాను. క్లచ్ మాస్టారు ఇప్పుడు ఎక్కడ నేర్పుతున్నాడో మీలో ఎవరికైనా తెలిస్తే దయచేసి నాకు చెప్పండి. పొద్దున్న ఆరింటికి రమ్మన్నా వస్తాను. నాకు లైసెన్సు వచ్చి పద్నాలుగు నెలలైంది. మొదటిసారే పాసయ్యాను.